సుల్తాన్ గెలిచినట్టా, ఓడినట్టా?

కుక్కను అందాల పోటీలో నిలబెట్టాలంటే ఏం చేయకూడదో అడగండి, గడగడా చెప్తాను. ఏం చేయాలో మాత్రం అడగొద్దు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడూళ్లూ తిరిగి, ఎవరేం చెప్తే అదల్లా విని, అన్నీ కలగాపులగం చేసి, తల తిరిగిపోయి ఇల్లు చేరినదాన్ని. ఇంటికొచ్చి పది రోజులైనా నాకింకా కొన్ని అర్థం కాలేదు.

అసలు నేను బయలుదేరింది కుక్క కోసం కాదు. మా పిన్ని కూతురు రమ పెళ్లై జగిత్యాల వెళ్లిపోయి ఇరవయ్యేళ్లు దాటింది. "ఒక్కసారైనా రావే అక్కా" అని ఏటా ఫోన్లో అలుగుతుంది. ఈ చలికాలంలో సరే అని తెనాలిలో రైలెక్కాను. కొండగట్టు అంజన్నను, వేములవాడ రాజన్నను చూసి, రమ ఇంట్లో నాలుగు రోజులు కాళ్లు చాపుకుని వద్దామనుకున్నాను. చివరికి రాజన్న గుడిని కారు కిటికీలోంచి చూశాను, అదీ ఒళ్లో కుక్క తల పెట్టుకుని. ఆయనే క్షమించాలి.

జగిత్యాల: కుర్చీతో పాఠం

కరీంనగర్ నుంచి బస్సు కొడిమ్యాల దాటేసరికి కిటికీ పక్కన కూర్చున్న పెద్దాయన నా వివరాలన్నీ రాబట్టేశాడు. ఎవరి బిడ్డవు, ఎవరింటికి, ఎందుకు, ఎన్ని రోజులు. మా వైపు కూడా అడుగుతారు గానీ కాస్త డొంకతిరుగుడుగా అడుగుతారు. ఈయన నేరుగా అడిగి, జవాబు విని, "మంచిగైంది" అని కళ్లు మూసుకున్నాడు. ఏం మంచిగైందో నాకు తెలియలేదు.

రమ అన్నంలోకి పచ్చి పులుసు చేసింది. పులుసంటే పొయ్యి మీద తెర్లాలని కదా మన లెక్క. ఇక్కడ చింతపండు నీళ్లలో కాల్చిన మిరపకాయలు, ఉల్లిపాయ నలిపి, నువ్వుల పొడి వేసి, పొయ్యి మొహం చూపించకుండానే పోస్తారు. మొదటి ముద్దకు మొహం చిట్లించాను, మూడో ముద్దకు గిన్నె నా వైపు జరుపుకున్నాను. ఇరవయ్యేళ్లలో మాట కూడా ఇక్కడిదే అయిపోయిన రమ నవ్వి, సరిగ్గా నా నోరు నిండుగా ఉన్నప్పుడు అసలు విషయం మొదలుపెట్టింది.

"అక్కా, మా ఆడబిడ్డ స్వప్న ఉంది గద, కోరుట్లల. వాళ్లాయన రమేశ్ మస్కట్‌ల ఉంటడు. పోయేముందు లాబ్రడార్ కుక్కపిల్లను కొనిచ్చి పోయిండు. ఇప్పుడది దున్నపోతంత అయింది. అత్త దాన్ని ఇంట్ల ఉండనిస్తలేదు."

సంగతేమిటంటే, స్వప్న అత్త లచ్చవ్వ ఆ కుక్కను తంగళ్ళపల్లిలో నర్సయ్య అనే చుట్టానికి ఇచ్చేస్తానని మాటిచ్చేసింది. అతనికి కోళ్ల ఫారముంది, కాపలాకు గొలుసేసి కట్టేస్తాడట. స్వప్న ఏడ్చి గోల చేస్తే, లచ్చవ్వ ఒక మెట్టు దిగింది. ఆదివారం సిరిసిల్లలో కుక్కల పోటీ జరుగుతోంది. అందులో గెలిస్తే ఉంచుతుంది. ఓడితే అక్కడే నర్సయ్య బండెక్కిస్తుంది.

"అయితే నన్నేం చేయమంటావే?"

"నీకు పోటీలు తెలుసు గద అక్కా. పెదనాన్న ఒంగోలు ఎడ్లను పట్టుకుపోయేటోడు. మా బడిల పిల్లలకు పరీక్షలు పెట్టేదున్నది, రాలేను. నువ్వు తోడు పో."

ఎద్దుకూ కుక్కకూ తోక తప్ప ఏం పోలికే తల్లీ అంటే వింటేనా! తింటున్నది ఆవిడ పెట్టిన అన్నం. ఒప్పుకున్నాను.

సాయంత్రం రమ నన్ను సత్తన్న దగ్గరికి తీసుకెళ్లింది. సత్తన్నది మోటార్లకు వైండింగ్ చేసే కొట్టు. ఇంతకుముందు రెండు మూడు పోటీలకు కుక్కలను తీసుకెళ్లాడట. చేతులు తుడుచుకుని, కొట్లోని ప్లాస్టిక్ కుర్చీని రోడ్డు మీదికి తెచ్చి, దానికి తాడు కట్టాడు.

"గిది కుక్క అనుకో అమ్మా. ఎడమ దిక్కు ఉంచాలె. మెడల సన్న తాడు, బరువు గొలుసులు వద్దు. జడ్జి అచ్చేసరికి నాలుగు కాళ్ల మీద నిలవడాలె. పండ్లు చూస్తడు, ఈపు తడుముతడు. గుర్రుమనద్దు. కూసోవద్దు. ఇగో, గిట్ల ఉరికియ్యాలె."

అంటూనే కుర్చీని లాక్కుంటూ రోడ్డు మీద పరుగెత్తాడు. కుర్చీ తారు మీద గీరుకుంటూ వెంట పోయింది. "మరి దీనికి ముందు కాళ్లు ఏవి?" అని నేను అడిగాను, నిజంగానే తెలియక. ఆయన ఆగి, కుర్చీని అటూ ఇటూ తిప్పి, "చేతులున్న దిక్కు ముంగట" అన్నాడు. కుర్చీకి చేతులు రెండు పక్కలా ఉన్నాయి. నేను తలూపేశాను.

పక్కనే ఇరానీ చాయ్ అమ్మే ఆయన ఇదంతా చూసి నన్ను దగ్గరికి పిలిచాడు. "గాయన మాట ఇనకు మేడం. నేను ఫోన్‌ల మస్తు చూసిన. కుక్క షేక్‌హ్యాండ్ ఇయ్యాలె, రింగులకెల్లి దుంకాలె. నిలవడితే ఎవడిస్తడు ప్రైజు?" అన్నాడు. అప్పటిదాకా నాకు కొంచెం అర్థమైంది కాస్తా, చాయ్ తాగేసరికి మొత్తం పోయింది. నిలబెట్టడానికి ఒక పోటీ, గెంతించడానికి వేరే పోటీ ఉంటాయని తర్వాత తెలిసింది. ఆ ముక్క ముందే ఎవరైనా చెప్పొచ్చుగా!

కోరుట్ల: ఒక తిట్టు, ఒక ముక్క

స్వప్న ఇంట్లో గడప దాటగానే తంబాకు వాసన గుప్పుమంది. లచ్చవ్వ గోడకు ఆనుకుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. తునికాకు ముక్కలో పొగాకు వేసి, వేళ్లతో తిప్పి, మూతి మడిచి, దారం చుట్టి పడేస్తోంది. నాతో మాట్లాడుతున్నా చేతులు ఆగవు, చాట వైపు చూడదు. ఆ వీధిలో ఏ ఇంటి ముందు చూసినా ఆడవాళ్లు ఇలాగే కూర్చుని ఉన్నారు. మా ఊళ్లో మధ్యాహ్నం పూట అరుగుల మీద సీరియల్ కథలు నడుస్తాయి. ఇక్కడా నడుస్తున్నాయి, కాకపోతే చేతులు ఖాళీగా లేవు.

ఆవిడ పక్కనే తేనె రంగులో సుల్తాన్ పడుకుని ఉంది. దున్నపోతు అని రమ అన్నది అబద్ధం కాదు. నన్ను చూసి లేచి, తోకతో తునికాకు కట్టను చెల్లాచెదురు చేసి, నా చీర కుచ్చిళ్లలో మొహం దూర్చింది.

"చూసినవా చెల్లె, చూసినవా? ఆకులల్ల బొచ్చు, తంబాకుల బొచ్చు. కోడికూర లేనిది ముద్ద ముట్టది. మావోడు ఎండల పని జేసి పైసలు పంపేది గీ పోతురాజును మేపనీకా?" అని లచ్చవ్వ నన్ను నిలదీసింది, కుక్కను కొన్నది నేనే అయినట్టు.

అప్పుడే స్వప్న వేడి వేడి సర్వపిండి తెచ్చింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కరివేపాకు కలిపి, గిన్నె అడుగున అద్ది, చిల్లులు పెట్టి కాల్చేది. మన తపాళ చెక్కకు దగ్గర చుట్టం, కారం మాత్రం రెండింతలు. లచ్చవ్వ ఒక ముక్క తుంచి, "సత్తె పీడబోతది" అని సుల్తాన్ వైపు విసిరింది. ఇంకో ముక్క తుంచి, "తిండిపోతు" అని మళ్లీ విసిరింది. తిట్టుకొక ముక్క చొప్పున సగం సర్వపిండి దాని కడుపులోకి పోయింది. ఈ మనిషికి కుక్క కావాలా, అక్కర్లేదా? నాకు అంతు చిక్కలేదు.

స్వప్న నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు చేరవేసింది. సన్నగా, ఎప్పుడూ ఏదో మర్చిపోయినట్టు చూసే పిల్ల.

"అక్కా, ఈయన పోయినంక ఆర్నెల్లు నాకు నిద్ర లేదు. అత్త ముంగటింట్ల పడుకుంటది, పండుకుంటే పిడుగు పడ్డా లేవది. ఏ సప్పుడైనా గుండె దడదడ. సుల్తాన్ మంచం పక్కకు పడుకుంటే, దాని ఊపిరి ఇనుకుంట పడుకుంట. దాన్ని గొలుసేసి కోళ్ల కాడ కట్టేస్తే నేను తట్టుకోలేను. ఎట్లన్న గెలిపియ్యి అక్కా." అని నా చేయి పట్టుకుంది. అప్పటిదాకా తమాషాగా ఉన్న నాకు ఒక్కసారిగా భయం పట్టుకుంది. ఈ అమ్మాయి నిజంగా నా మీదే ఆశ పెట్టుకుందిరా భగవంతుడా అనిపించింది.

అప్పుడే మస్కట్ నుంచి వీడియో కాల్. సుల్తాన్ చెవులు నిక్కబొడుచుకున్నాయి. రమేశ్ మొహం తెర మీదికి రాగానే, "సుల్తాన్! బైఠో! హాథ్ దో!" అన్నాడు. కుక్క ఠక్కున కూర్చుని, ముందు కాలు ఎత్తి ఫోన్‌కు అందించింది. రోజూ డ్యూటీ దిగాక భార్యను పలకరించి, తల్లిని పలకరించి, ఆ తర్వాత కుక్కకు శిక్షణ ఇస్తాడట. అలా ఏడాదిన్నర. సముద్రం అవతలి నుంచి నేర్పిన చదువు. ఆ గొంతుతో "షాబాష్ సుల్తాన్" అని వినిపిస్తే చాలు, మళ్లీ ఠక్కున కూర్చుని కాలు అందించి, తోక నేల మీద కొడుతుంది. స్వప్న అదే మాట అంటే మాత్రం ఆవులిస్తుంది.

"అయ్యో, కూర్చోబెట్టకూడదట నాయనా, నిలబెట్టాలట" అన్నాను నేను.

"నిలవడుడు ఏం పనక్కా? గాడిద గూడ నిలవడ్తది" అన్నాడు రమేశ్. మాట న్యాయంగానే ఉంది.

మర్నాడు వీధిలో నడక నేర్పాం. స్వప్న తాడు పట్టుకుంటే సుల్తాన్ ఆవిడను నడిపించింది. నేను పట్టుకుంటే ఇద్దరం కాలవ గట్టు దాకా పోయాం. బీడీలు చుట్టే ఆడవాళ్లంతా తలా ఒక సలహా ఇచ్చారు. చీకటి పడే వేళకు, ఆకాశం వైపు చూడకుండా, పిల్లి వైపు చూడకుండా, సుల్తాన్ పది అంకెలు లెక్కపెట్టేంతసేపు నిలబడింది. మాకు అదే పండగ.

పోటీనాడు పొద్దున్నే నా పుట్టింటి జ్ఞానం బయటపెట్టాను. నాన్న ఎడ్లను తీసుకెళ్లే రోజు ఒళ్లంతా నూనె రాసి నిగనిగలాడించి, నుదుట పసుపూ కుంకుమా పెట్టి, మెడలో పూలదండ వేసేవాడు. సుల్తాన్‌కూ అంతే చేశాను. నువ్వుల నూనె పట్టించి, ఇంత పసుపు అద్ది, కుంకుమ బొట్టు పెట్టి, చామంతి దండ వేశాను. దిష్టికి కాలికి నల్లదారం కట్టాను. స్వప్న దండం పెట్టింది. లచ్చవ్వ కూడా పక్కకొచ్చి, "మంచిగనే ఉన్నది పోతురాజు" అంది.

రుద్రంగి దారిలో

అద్దె కారులో నలుగురం: నేను, స్వప్న, లచ్చవ్వ, సుల్తాన్. కథలాపూర్ దాటాక దారికి రెండు వైపులా పసుపు చేలు ఎండుతున్నాయి. రుద్రంగిలో చాయ్‌కి ఆగాం. పది రూపాయల చాయ్, పక్కన ఉడికించిన బొబ్బర్లు తాలింపు పెట్టి అమ్ముతున్నారు, గుడాలంటారు. నేను కాగితం పొట్లంలో కొనుక్కుని వచ్చేసరికి సుల్తాన్ తన మెడలోని చామంతి దండను చివరి పువ్వు దాకా తినేసి, దారం నములుతోంది. డ్రైవర్ వెనక్కి తిరిగి, "అమ్మా, గిది పోటీకా, మొక్కుకా?" అన్నాడు. ఏమని చెప్పను, నాకే తెలియడం లేదు.

సిరిసిల్ల: రింగు లోపల, రింగు బయట

సిరిసిల్లలో కారు దిగగానే ముందు వినిపించేది మరమగ్గాల చప్పుడు. వీధి వీధంతా అదే టకటక. మా ఊళ్లో రైసు మిల్లు చప్పుడుకే చెవులు మూసుకునేదాన్ని, ఇక్కడి వాళ్లు ఆ మోతలోనే గొంతు పెంచకుండా మాట్లాడుకుంటారు, ఒకరికొకరు వినిపిస్తుంది కూడా.

మైదానం గేటు దగ్గర ఒకాయన సుల్తాన్‌ను చూసి నోరు తెరిచాడు. "మేడం, ఇదేంది? ఒంటికి నూనె, మొఖానికి రంగు! రంగు పూసిన కుక్కను రింగులకు రానియ్యరు. కడిగి తీస్కరాండ్రి, గంట టైమున్నది." సత్తన్నకు ఫోన్ చేస్తే, "బొట్టు వెట్టినవా అమ్మా? నేను చెప్పినదాంట్ల బొట్టు ఎక్కడున్నది?" అని తల పట్టుకున్నట్టు మాట్లాడాడు. వద్దని కూడా చెప్పలేదు కదా నాయనా!

ఎదురింటి గుమ్మంలో మగ్గానికి దారం కండెలు చుడుతున్న ఆవిడ మా గొడవ చూసి లేచి వచ్చింది. పేరు పద్మ. "ఏందక్కా, కుక్కకు పెండ్లా?" అని పకపకా నవ్వి, మరో మాట లేకుండా పొయ్యి మీద నీళ్లు పెట్టింది. తలంటు సబ్బు తెచ్చింది, మగ్గం కింద పడ్డ గుడ్డ ముక్కలు దోసెడు తెచ్చింది. ముగ్గురం కలిసి పెరట్లో సుల్తాన్‌ను రుద్దాం. నూనె పోయింది, కుంకుమ పోయింది, పసుపు మాత్రం పోలేదు. ఇక ఆ గుడ్డ పాలిస్టర్, నీళ్లు పీల్చదు. తుడిచిన కొద్దీ బొచ్చంతా నిక్కబొడుచుకుని, మా సుల్తాన్ ఎలుగుబంటిలా తయారైంది. పద్మ మమ్మల్ని అన్నం తినకుండా కదలనివ్వనంది. టైము లేదంటే రెండు రొట్టెలు చుట్టి ఇచ్చింది. ముక్కూ మొహం తెలియని మనిషి! మళ్లీ ఆ దారిన వెళ్తే ఆవిడింటికే ముందు వెళ్తాను.

తాళ్లు కట్టిన చదరమే రింగు. స్వప్న జబ్బకు రబ్బరు బ్యాండుతో నంబరు కట్టారు. జడ్జి బెంగళూరు నుంచి వచ్చిన సూటు మనిషి, ఇంగ్లీషులో మాట్లాడతాడు. ఆయన మాటలు పక్కనున్న కుర్రాయన తెలుగులో చెప్తాడు. లాబ్రడార్ మగకుక్కలు పెద్దవి మూడే వచ్చాయి. మూడేనా అని నాకు ప్రాణం లేచొచ్చింది.

నేను తాడుకు ఇవతల ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. రమేశ్ మస్కట్‌లో సెలవు పెట్టి మరీ చూస్తున్నాడు. మాట్లాడొద్దని ఒట్టు వేయించుకున్నాను. లచ్చవ్వ నా భుజం మీద గడ్డం ఆనించి చూస్తోంది.

జడ్జి సుల్తాన్ దగ్గరికొచ్చాడు. పెదవి ఎత్తి పళ్లు చూశాడు. వీపు తడిమాడు. మగకుక్క కదా, వెనక నుంచి అక్కడ కూడా చేయి పెట్టి చూశాడు. "థూ, సిగ్గులేదు" అంది లచ్చవ్వ. నుదుటి మీద వేలితో రుద్ది, పచ్చగా అయిన వేలిని చూసుకున్నాడు. అయినా సుల్తాన్ కదల్లేదు. నాలుగు కాళ్ల మీద, తల ఎత్తి, రాతి విగ్రహంలా నిలబడింది. మా సుల్తానేనా అని నేనే విస్తుపోయాను.

సరిగ్గా అప్పుడు నా చేతిలోని ఫోన్ గట్టిగా అరిచింది. "షాబాష్ సుల్తాన్!"

సుల్తాన్ ఠక్కున కూర్చుంది. నా వైపు, నా చేతిలోని ఫోన్ వైపు తిరిగి, కాలు ఎత్తి చేయి చాపింది.

జనం గొల్లున నవ్వారు. జడ్జి కూడా నవ్వి, వంగి ఆ కాలు పట్టుకుని ఊపాడు. నేను ఫోన్‌ను కొంగులో దాచాను. లోపల్నుంచి ఇంకా "ఏమైందక్కా, ఏమైంది" అని వినిపిస్తూనే ఉంది. స్వప్న తాడు ఎంత లాగినా సుల్తాన్ లేవలేదు. దాని యజమాని చేయి అందుకోలేదు కదా, ఎందుకు లేస్తుంది?

చివరికి సుల్తాన్ ఎలాగో లేచాక, జడ్జి మూడు కుక్కలనూ అంకెల పలకల దగ్గర నిలబెట్టాడు. స్వప్నకు మూడో పలక. పసుపు రిబ్బను ఇచ్చారు. ఒక కాగితం ఇచ్చారు, దాని మీద 'వెరీ గుడ్' అని రాసి ఉంది. మైకులో "థర్డ్ ప్లేస్, చప్పట్లు!" అన్నారు. అందరూ కొట్టారు. మేమూ కొట్టాం.

"గెలిచినట్టా చెల్లె, ఓడినట్టా?" అని లచ్చవ్వ నన్ను అడిగింది. "వెరీ గుడ్ అంటున్నరు, రిబ్బన్ ఇస్తున్నరు. గెలిచినట్టేనా?"

ఏమని చెప్పాలి? గెలిచిందని నేనంటే ఆవిడ నమ్మేస్తుంది. అంతా అయిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ అడిగిన మనిషి కళ్లలోకి చూస్తూ అబద్ధం ఆడటం నాకు చేతకాలేదు.

"ఉన్నవే మూడు కుక్కలక్కా. మనది మూడోది" అన్నాను.

"ఎందుకట?"

తెలుగులో చెప్పే కుర్రాయనను అడిగితే, "తల బాగున్నదట, ఈపు బాగున్నదట. బరువు ఎక్కువట, నిలవడమంటే కూసున్నదట" అన్నాడు. స్వప్న అంతా విన్నది. సుల్తాన్ మెడ కిందికి ఒకసారి చేయి పోనిచ్చి, గేటు వైపు నడిచింది. అక్కడ ట్రాలీ ఆటో పక్కన నర్సయ్య నిలబడి ఉన్నాడు. మంచివాడిలాగే ఉన్నాడు, చేతిలో కొత్త గొలుసు కూడా ఉంది. స్వప్న తాడు అతనికి అందించింది. నాకు ఎక్కడైనా దూరంగా పోయి ఏడవాలనిపించింది.

"వంకలు పెట్టిండట గద చిన్నమ్మా. ఏం గాదు, కోళ్ల కాడికి గసుంటిదైనా నడుస్తది" అన్నాడు నర్సయ్య, ఓదార్పుగానే.

అలాంటిదైనా చాలన్న ఆ మాట దగ్గర లచ్చవ్వ ఆగిపోయింది. "ఏమన్నవు?"

"అదే, గసుంటిదైనా..."

"తాడు ఇటియ్యి."

"మాటిచ్చినవు గద చిన్నమ్మా!"

"ఇచ్చిన. ఇను నర్సయ్యా. పెండ్లైన కాడికెల్లి బీడీలు చేస్తున్న. కార్ఖాన్ల కూసున్నోడు నా కట్ట ఇప్పుతడు. గిది లావున్నది, గిది వంకర పోయిందని ఏరి పక్కకు పెడ్తడు. పక్కకు పెట్టినదానికి పైసలియ్యడు. సరే, బాగలేకుంటే నా బీడీలు నాకియ్యి అంటే అవి గూడ ఇయ్యడు, వాడే ఉంచుకుంటడు. గిన్నేండ్లల్ల ఒక్కనాడన్న మల్లియ్యలే." ఆవిడ గొంతు పెద్దదైంది, రింగు దగ్గరి జనం కూడా ఇటు తిరిగారు. "ఇయ్యాల గీ సూటాయన గిది లావున్నదన్నడు. మంచిది, పక్కకు పెట్టుమను. పక్కకు పెట్టినంక గిది నాది. ఇయ్య. ఎవ్వనికియ్య."

తాడు తన ముంజేతికి రెండు చుట్లు చుట్టుకుంది. నర్సయ్య నా వైపు చూశాడు, ఇందులో న్యాయం ఏమిటన్నట్టు. నాకూ తెలియదు నాయనా. స్వప్న మాత్రం అత్త రెండో చేయి పట్టుకుని, పసిపిల్లలా వెక్కి వెక్కి ఏడుస్తోంది.

నా కొంగులోంచి రమేశ్ ఇంకా అరుస్తూనే ఉన్నాడు. లచ్చవ్వ ఫోన్ లాక్కుంది.

"అవ్వా! గెల్చిందా, ఓడిందా? ఎవ్వరు చెప్పరేంది?"

"ఇంటికస్తున్నది" అని ఫోన్ పెట్టేసింది లచ్చవ్వ.